ట్రస్టు గొడవ కోర్టుకెక్కితే: ముందు ఏ కాగితం, తర్వాత ఏ తలుపు

"తాతగారు ట్రస్టు పెట్టి వెళ్లారు. పెదనాన్న చూసుకుంటున్నారు. లెక్కలు అడిగితే 'నా మీదే అనుమానమా' అంటున్నారు. కోర్టుకు వెళ్లొచ్చా?" ఊళ్లూ పేర్లూ మారుతున్నాయి గానీ, ఈ ప్రశ్న మాత్రం నాకు వస్తూనే ఉంది. అందుకే వరుసగా రాస్తున్నాను.

వెళ్లొచ్చు. కానీ వకాలత్ (లాయర్‌ను పెట్టుకునే కాగితం) మీద సంతకం పెట్టే ముందు చేయాల్సిన పని చాలా ఉంది. న్యాయం తమ వైపే ఉండి కూడా తప్పు చోట వేసి ఓడిపోయిన కేసులే నాకు ఎక్కువ గుర్తున్నాయి. అందుకని ఇక్కడ వాదనల గురించి తక్కువ, వాదనకు ముందు పని గురించి ఎక్కువ చెబుతాను.

1. మీది ఏ రకం ట్రస్టో ముందు తేల్చుకోండి

బోర్డు మీద "ట్రస్టు" అని ఉన్నంత మాత్రాన అది ట్రస్టు కాదు. కాగితం తీసి చూస్తే సొసైటీ అవుతుంది, లేదా దేవాదాయ శాఖ కింద ఉన్న సంస్థ అవుతుంది. ఏ రకమో తెలిస్తే ఏ కోర్టో సగం తెలిసినట్టే.

- ప్రైవేటు ట్రస్టు: లబ్ధి పొందేవాళ్లను పేర్లతో లెక్కపెట్టగలరు. "నా మనవలు, మనవరాళ్ల చదువుకు" అని రాసి ఉంటుంది. దీనికి 1882 నాటి ఇండియన్ ట్రస్ట్స్ యాక్ట్ వర్తిస్తుంది.
- పబ్లిక్ ట్రస్టు: లబ్ధి పొందేది జనం. "ఊరికి వచ్చే యాత్రికులకు సత్రం", "పేద విద్యార్థులకు భోజనం" లాంటివి. 1882 చట్టం దీనికి నేరుగా వర్తించదు. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని సెక్షన్ 92 చూడాలి.
- దేవాదాయ చట్టం కిందికి వచ్చే సంస్థ: ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ 1987 నాటి ధార్మిక, హిందూ మత సంస్థల, దేవాదాయ చట్టం ఉంది. గుళ్లు, మఠాలే కాదు, ధర్మ సంస్థలు కూడా దీని పరిధిలోకి వస్తాయి. చాలామంది ఇక్కడే పొరబడతారు.
- వక్ఫ్ (ముస్లింలు ధర్మానికి అంకితం చేసిన ఆస్తి): దీనికి వక్ఫ్ ట్రిబ్యునల్ ఉంది. మామూలు సివిల్ కోర్టుకు పోతే వెనక్కి పంపుతారు.
- సొసైటీ: 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదై ఉంటుంది. సభ్యుల మధ్య, కమిటీలో వచ్చే వివాదాలకు సెక్షన్ 23 కింద జిల్లా కోర్టులో దరఖాస్తు వేయొచ్చు, లేదా ఆర్బిట్రేషన్‌కు వెళ్లొచ్చు.

రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఎవరిచ్చారో చూడండి. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో దస్తావేజుగా రిజిస్టరై ఉంటే అది ట్రస్టు డీడ్. జిల్లా రిజిస్ట్రార్, సొసైటీల రిజిస్ట్రార్ హోదాలో సర్టిఫికెట్ ఇచ్చి ఉంటే అది సొసైటీ, పేరు ఏదైనా సరే.

కొన్ని డీడ్‌లు రెండు పడవల మీద కాలు పెడతాయి. సగం ఆదాయం కుటుంబానికి, సగం ఊరి గుడిలో నిత్యదీపానికి అని రాస్తారు. ఇది సొంతంగా తేల్చుకునే ప్రశ్న కాదు. డీడ్ పట్టుకుని లాయర్ దగ్గర కూర్చున్నప్పుడు మొదట అడగాల్సింది ఇదే.

2. దస్తావేజు సంపాదించండి

"డీడ్ పెదనాన్న బీరువాలో ఉంది" అనే మాట దగ్గరే చాలామంది ఆగిపోతారు. ఆ బీరువాతో పని లేదు.

స్థిరాస్తి మీద పెట్టిన ప్రైవేటు ట్రస్టు చెల్లాలంటే వీలునామా ద్వారా పెట్టాలి, లేదా సంతకం చేసి రిజిస్టరు చేసిన కాగితం ఉండాలి. రిజిస్టరైన కాగితానికి సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీ దొరుకుతుంది. స్థిరాస్తి దస్తావేజులు ఆ ఆఫీసు రిజిస్టర్లలో ఒకటో పుస్తకంలో ఉంటాయి, వాటికి ఎవరైనా నకలు అడగొచ్చు. స్థిరాస్తి లేకుండా డబ్బుతోనే పెట్టిన ట్రస్టయితే నాలుగో పుస్తకంలో ఉండొచ్చు. దాని నకలు అందులో పార్టీలైన వాళ్లకు, వాళ్ల తరఫు వాళ్లకు, దాని కింద హక్కు చెప్పుకునేవాళ్లకు మాత్రమే ఇస్తారు. మీరు లబ్ధిదారు అని చూపించే ఆధారం దగ్గర పెట్టుకుని వెళ్లండి.

నకలు చేతికొచ్చాక పెన్సిల్ పట్టుకుని ఈ ఆరు చోట్ల గీత గీయండి:

- ట్రస్టీలు (ట్రస్టు ఆస్తిని చూసుకునే బాధ్యులు) ఎవరు, ఎంతమంది
- ఒక ట్రస్టీ పోతే కొత్తవాళ్లను నియమించే అధికారం ఎవరిది
- లబ్ధిదారులు ఎవరు, ఎంత వాటా, ఏ వయసు నుంచి
- ఆస్తి అమ్మడానికి, అద్దెకివ్వడానికి అధికారం ఉందా
- లెక్కలు ఎవరికి, ఎప్పుడు చూపించాలి
- డీడ్‌ను మార్చే, రద్దు చేసే అధికారం ఎవరికైనా ఉంచారా

తర్వాత సవరణ డీడ్‌లు ఏమైనా రిజిస్టరయ్యాయేమో కూడా వెతికించండి. మూలం చదివి సవరణ వదిలేస్తే కోర్టులో మొదటి రోజే తల దించుకోవాల్సి వస్తుంది.

"వివాదాలొస్తే ఆర్బిట్రేటర్ తేల్చాలి" అన్న క్లాజు కనిపిస్తే కంగారు పడకండి. ట్రస్టు డీడ్ నుంచి పుట్టిన వివాదాలు, ట్రస్ట్స్ యాక్ట్ కిందివి, ఆర్బిట్రేషన్‌కు పోవని విమల్ కిశోర్ షా కేసులో సుప్రీంకోర్టు 2016లో చెప్పింది.

3. లెక్కలు అడుగుతూ ఉత్తరం రాయండి

నా దృష్టిలో మొత్తం పనిలో విలువైన మెట్టు ఇది. ఇంతా చేస్తే ఒక పేజీ ఉత్తరం.

ప్రైవేటు ట్రస్టులో ట్రస్టీ స్పష్టమైన, సరైన లెక్కలు రాయాలి. లబ్ధిదారు అడిగితే, ట్రస్టు ఆస్తి ఎంత, ఏ స్థితిలో ఉందో తగిన సమయాల్లో పూర్తి సమాచారం ఇవ్వాలి. ఇది ట్రస్ట్స్ యాక్ట్ సెక్షన్ 19. ట్రస్టు డీడ్‌ను, ఆస్తి హక్కు పత్రాలను, లెక్కలను చూసి నకళ్లు తీసుకునే హక్కు సెక్షన్ 57 మీకిస్తుంది. కాబట్టి మీరు అడిగేది దయ కాదు. అలాగని తగువు మాటలూ అక్కర్లేదు. నేనైతే ఇలా రాయిస్తాను:

"పూజ్యులైన పెదనాన్న గారికి నమస్కారాలు. తాతగారు రిజిస్టరు చేయించిన ట్రస్టు దస్తావేజు ప్రకారం నేనూ ఒక లబ్ధిదారును. 2019 ఏప్రిల్ నుంచి ఇప్పటిదాకా జమాఖర్చుల పుస్తకాలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, మెయిన్ బజారు ఆరు షాపుల అద్దె అగ్రిమెంట్లు చూడాలనుకుంటున్నాను. మీకు వీలైన రోజు, చోటు చెప్పండి, నేనే వస్తాను. కావలసిన వాటికి నకళ్లు నా ఖర్చుతో తీసుకుంటాను. ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో తెలియజేయగలరు."

ఇందులో నింద లేదు, బెదిరింపు లేదు. రేపు జడ్జి చదివినా "ఈ అమ్మాయి మర్యాదగానే అడిగింది" అనిపించాలి. స్పీడ్ పోస్టులో పంపి, అందినట్టు రుజువు దాచండి. వాట్సాప్‌లో కూడా పంపొచ్చు గానీ దాన్నే నమ్ముకోకండి.

మొదటి అడుగుగానే లాయర్ నోటీసు ఇవ్వొద్దని నా సలహా. నోటీసు వెళ్లిన రోజు నుంచి అవతలివాళ్లు లెక్కల పుస్తకాన్ని "సర్దడం" మొదలుపెడతారు. ఉత్తరానికి జవాబు రాకపోతే, లేదా "చూపించను" అని వస్తే, అప్పుడు నోటీసు.

పుస్తకం చూసే అవకాశం దొరికితే ఏం చూడాలో ఒక్క ఉదాహరణ. ఒకసారి నా ముందు పదకొండేళ్ల జమాఖర్చుల పుస్తకం పెట్టారు. మొదటి పేజీ నుంచి చివరి దాకా ఒకే పెన్ను, ఒకే సిరా, ఒక్క కొట్టివేత లేదు. ఏడాదికేడాది రాసిన పుస్తకం అలా ఉండదు. అందులో ఒక షాపు మూడేళ్లు ఖాళీ అని రాశారు. కరెంటు బిల్లులు తెప్పిస్తే ఆ మూడేళ్లూ ప్రతి నెలా మీటరు తిరిగింది. మిగతా వాదన అంతా ఆ బిల్లులే చేశాయి.

అందుకే పుస్తకాన్ని పుస్తకంతోనే పోల్చకండి. బయటి కాగితాలతో పోల్చండి: కరెంటు బిల్లులు, ఆస్తి పన్ను రసీదులు, అద్దెదారుల దగ్గరున్న రసీదులు, బ్యాంకు స్టేట్‌మెంట్, ఆడిట్ రిపోర్టు.

4. ఆస్తి ఇప్పుడు ఎవరి పేరున ఉందో చూడండి

ప్రతి సర్వే నంబరుకూ, ప్రతి డోర్ నంబరుకూ ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) తీయండి. ట్రస్టు పెట్టిన తేదీ నుంచి ఇవాళ్టి దాకా తీయాలి. పదేళ్లది తీసి సరిపెట్టుకుంటే పదకొండో ఏట జరిగిన అమ్మకం కనపడదు.

ఆస్తి దేవాదాయ శాఖదో, వక్ఫ్‌దో అనే అనుమానం ఉంటే రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ కింది నిషేధిత జాబితాలో (అమ్మకాలు రిజిస్టరు చేయని ఆస్తుల జాబితా) ఉందేమో కూడా చూడండి. ఉంటే ఒకటో మెట్టుకు తిరిగి వెళ్లి మళ్లీ ఆలోచించాలి.

అమ్మకం కనబడితే రెండు ప్రశ్నలు. కొన్నవాళ్లు ఎవరు? ట్రస్టీగారి భార్యో బావమరిదో అయితే కథ వేరు. రెండోది, అది ట్రస్టు ఆస్తి అని వాళ్లకు తెలుసా? తెలిసి కొన్నవాళ్ల నుంచి ఆస్తిని వెనక్కి రాబట్టొచ్చు. తెలియక, మంచి మనసుతో, డబ్బు ఇచ్చి కొన్నవాళ్లకు చట్టంలో రక్షణ ఉంది. డీడ్ రిజిస్టరై ఉంటే "మాకు తెలియదు" అనే మాట చెప్పడం వాళ్లకు కష్టం.

ట్రస్టీయే ట్రస్టు ఆస్తిని తన పేరున కొనుక్కున్నాడా? కోర్టు అనుమతి లేకుండా ప్రైవేటు ట్రస్టీ అలా కొనకూడదు, కౌలుకూ తాకట్టుకూ తీసుకోకూడదు. ఇది ట్రస్ట్స్ యాక్ట్ సెక్షన్ 53. కోర్టు కూడా లబ్ధిదారులకు లాభమని స్పష్టంగా కనిపిస్తేనే ఒప్పుకోవాలి.

5. గడువు దాటిందా?

ఇక్కడ ఒక మంచి మాట, ఒక హెచ్చరిక.

మంచి మాట: ట్రస్టీ చేతిలో ఉన్న ట్రస్టు ఆస్తిని రాబట్టడానికీ లెక్కలు అడగడానికీ ఆయన మీద వేసే దావాకు లిమిటేషన్ చట్టం సెక్షన్ 10 ప్రకారం కాలపరిమితి లేదు.

హెచ్చరిక: డబ్బిచ్చి కొన్న మూడో వ్యక్తి దగ్గరకు వచ్చేసరికి గడియారం తిరుగుతుంది. ట్రస్టీ అమ్మేసిన స్థిరాస్తి స్వాధీనం కోసం, అమ్మకం సంగతి మీకు తెలిసిన రోజు నుంచి 12 ఏళ్లు. చరాస్తికి మూడేళ్లు.

"తెలిసిన రోజు" అన్నది అసలు గొడవంతా. ఈసీ ఏ రోజు తీశారో, ఎవరి ద్వారా తెలిసిందో ఇవాళే ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. నాలుగేళ్ల తర్వాత క్రాస్ ఎగ్జామినేషన్‌లో గుర్తు చేసుకోవడానికి తడుముకుంటే కుదరదు.

6. ప్రైవేటు ట్రస్టు: పిటిషన్‌తో పోయేదానికి దావా ఎందుకు?

1882 చట్టంలో కొన్ని పనులకు దావా అక్కర్లేదు, పిటిషన్ చాలు. పిటిషన్ వేయాల్సింది ప్రిన్సిపల్ సివిల్ కోర్టులో. జిల్లాల్లో అది జిల్లా కోర్టు, హైదరాబాద్‌లో సిటీ సివిల్ కోర్టు.

*ట్రస్టీ ఖాళీ నింపాలంటే.* ట్రస్టీ చనిపోయినా, తప్పుకున్నా, పని చేయనన్నా, చేయలేని స్థితిలో ఉన్నా డీడ్ ప్రకారం కొత్తవారిని పెట్టాలి. అలా కుదరనప్పుడు లబ్ధిదారు సెక్షన్ 74 కింద పిటిషన్ వేయొచ్చు. కోర్టు చూసేవి నాలుగు: ట్రస్టు పెట్టినవారి కోరిక, నియమించే అధికారం ఉన్నవారి కోరిక, ఈ నియామకం వల్ల ట్రస్టు పని సాగుతుందా లేక కుంటుపడుతుందా, లబ్ధిదారులందరి మేలు. మీరు సూచించే పేరుకు ఈ నాలుగు కోణాల్లో ఒక్కో పేరా రాయించండి.

మన కుటుంబాలకు బాగా తగిలే నియమం ఒకటుంది. ట్రస్టీ వరసగా ఆరు నెలలు దేశంలో లేకపోయినా, విదేశంలో స్థిరపడటానికి వెళ్లినా, ఆ స్థానంలో కొత్త ట్రస్టీని నియమించే వీలు సెక్షన్ 73 కల్పిస్తుంది. డల్లాస్‌లో ఉండే బాబాయ్ పదేళ్లుగా పేరుకు ట్రస్టీగా ఉండి, ఇక్కడ ఒక్కరే అన్ని సంతకాలూ పెడుతున్న ట్రస్టులు ఎన్నో. బాబాయ్ మీద కోపం అక్కర్లేదు, ఆ కుర్చీలో మనిషిని కూర్చోబెట్టాలంతే.

*ట్రస్టీకే సందేహం ఉంటే.* మీరే ట్రస్టీ అనుకోండి. పాత భవనం పడగొట్టాలా, బాగు చేయించాలా తేలట్లేదు. సెక్షన్ 34 కింద కోర్టు సలహా అడగొచ్చు. దావా లేదు, ప్రతివాదులు లేరు, ఆసక్తి ఉన్నవాళ్లకు పిటిషన్ కాపీ ఇవ్వాలి. నిజాలన్నీ చెప్పి, వచ్చిన సలహా ప్రకారం నడుచుకుంటే రేపు ఎవరూ మిమ్మల్ని పట్టుకోలేరు. కానీ చిక్కుముడి ప్రశ్నలు, పెద్ద వివాదాలు ఇందులో తేలవు. "వాడు దొంగ, తేల్చండి" అని సెక్షన్ 34 పిటిషన్ వేస్తే జడ్జి దావా వేసుకోమని పంపేస్తారు. నిజాయితీగా పనిచేసే ట్రస్టీలు ఈ సెక్షన్‌ను ఇంత తక్కువ వాడుకోవడం నాకు ఇప్పటికీ వింతే.

*ట్రస్టీ తప్పుకోవాలంటే.* ఒకసారి ఒప్పుకున్నాక రాజీనామా లేఖ మేజా మీద పడేసి వెళ్లిపోవడం కుదరదు. కోర్టు అనుమతి కావాలి, లేదా మేజర్లైన లబ్ధిదారుల సమ్మతి, లేదా డీడ్‌లోనే ఆ వీలు. సెక్షన్ 72 కింద విడుదల కోరుతూ పిటిషన్ వేయొచ్చు. తప్పుకోవడానికి తగిన కారణం లేకపోతే, ఆ స్థానంలోకి తగినవారు దొరికితే తప్ప కోర్టు విడుదల చేయదు, కాబట్టి ప్రత్యామ్నాయం పేరు చేతిలో పెట్టుకుని వెళ్లండి.

*దీర్ఘకాలపు లీజు.* 21 ఏళ్లు మించిన లీజుకు కోర్టు అనుమతి తప్పదు. రావాల్సిన మంచి అద్దె రాయకుండా తక్కువకు ఇచ్చినా అంతే. షాపులు 33 ఏళ్ల లీజుకిచ్చేశారని తెలిస్తే మొదట ఇదే అడగండి.

ఇవేవీ కాక, ఆస్తి మింగేశారు, లెక్కలు చూపించట్లేదు, ట్రస్టీని తీసేయాలి అంటే మాత్రం దావాయే.

7. పబ్లిక్ ట్రస్టు: సెక్షన్ 92

ముందు ఒక షరతు. సంస్థ 1987 దేవాదాయ చట్టం కింద ఉంటే ఈ మెట్టు దాటేసి ఎండోమెంట్స్ ట్రిబ్యునల్ వైపు చూడాలి. ఒక సంస్థ ధర్మ సంస్థా కాదా, ఒక ఆస్తి దానిదా కాదా, ఫలానావారు వ్యవస్థాపక కుటుంబమా కాదా లాంటివి సెక్షన్ 87 కింద అక్కడే తేలాలి. ఆ చట్టంలోని సెక్షన్ 151 సివిల్ కోర్టుల తలుపు మూస్తుంది. లాయర్ "సెక్షన్ 92 వేద్దాం" అన్నప్పుడు "151 అడ్డు రాదా?" అని మీరే అడగండి. అడిగితే ఆయనేమీ అనుకోరు.

సెక్షన్ 92 వర్తిస్తుందని తేలితే ఇవన్నీ ఉండాలి:

- ట్రస్టు ధర్మార్థం గానీ మతపరం గానీ పెట్టినదై, జనం కోసం అయి ఉండాలి
- విశ్వాసఘాతుకం జరిగిందని గానీ, నిర్వహణకు కోర్టు ఆదేశం కావాలని గానీ చెప్పాలి
- వేసేది అడ్వకేట్ జనరల్, లేదా ట్రస్టులో ఆసక్తి, అంటే నిజమైన సంబంధం, ఉన్న ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువ మంది
- ఆ ఇద్దరూ దావాకు ముందు కోర్టు అనుమతి తీసుకోవాలి
- కోరేది ఆ సెక్షన్‌లో ఉన్న పరిహారాల్లోనిదే (అంటే కోర్టు ఇవ్వగల ఉత్తర్వుల్లోనిదే, నష్టపరిహారం అని కాదు) కావాలి

ఆ పరిహారాలు ఏమిటంటే: ట్రస్టీని తొలగించడం, కొత్తవారిని పెట్టడం, ఆస్తిని ట్రస్టీకి అప్పగించడం, తొలగించినవారి నుంచి స్వాధీనం ఇప్పించడం, లెక్కలు తీయించడం, ఏ ప్రయోజనానికి ఎంత వాటా అని తేల్చడం, అమ్మకానికో లీజుకో అనుమతి, నిర్వహణకు స్కీమ్ రూపొందించడం. మొదటి లక్ష్యం ఇక సాధ్యం కాకపోతే దానికి దగ్గరి లక్ష్యానికి ట్రస్టును మళ్లించే అధికారం కూడా కోర్టుకు ఉంది.

స్కీమ్ అంటే ట్రస్టుకు కోర్టు రాసిచ్చే నియమావళి: ఎంతమంది ట్రస్టీలు, ఎన్నాళ్లు, మీటింగ్ ఎప్పుడు, ఆడిట్ ఎవరు. ఒక మనిషిని తీయించి ఇంకో మనిషిని కూర్చోబెట్టడం కంటే స్కీమ్ అడగడమే మేలని నా అభిప్రాయం. మనిషి మారినా పద్ధతి మారకపోతే మూడేళ్లకు మళ్లీ అదే గొడవ.

అనుమతి ఇచ్చే ముందు అవతలివాళ్లకు నోటీసు తప్పనిసరి కాదు, ఇవ్వడం మంచిదని సుప్రీంకోర్టు నారాయణ చెట్టియార్ కేసులో 1991లో చెప్పింది. కాబట్టి "రేపే స్టే వస్తుంది" అన్న మాట నమ్మకండి, ఈ దశకే వాయిదాలు పడొచ్చు.

సొంత హక్కుల్ని ఇందులోకి లాగొద్దు. "నన్ను కమిటీ నుంచి తీసేశారు" అన్నది మీ గొడవ, "సత్రం ఆదాయం యాత్రికులకు చేరట్లేదు" అన్నది ట్రస్టు గొడవ. రెండూ కలిపితే మోకాలికీ బోడిగుండుకీ ముడి పెట్టినట్టే.

గొడవ ట్రస్టీతో కాక ప్రభుత్వం ఇచ్చిన ఉత్తర్వుతో అయితే దారి వేరు, హైకోర్టులో రిట్, అంటే ప్రభుత్వ చర్యను ప్రశ్నించే పిటిషన్. విజయనగరం మాన్సాస్ ట్రస్టు చైర్మన్ పదవి మీద 2020లో ప్రభుత్వం ఇచ్చిన జీవోలను 2021 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కొట్టేసింది. ఆ పని జిల్లా కోర్టు దావాతో అయ్యేది కాదు.

8. దావా కాగితం రాయించేటప్పుడు

రాసేది లాయరే, కానీ చదవాల్సింది మీరు. ఈ నాలుగు చోట్ల కళ్లు పెట్టండి.

*పార్టీలు.* ఒక్క ట్రస్టీ మీదే ఫిర్యాదున్నా మిగతా ట్రస్టీలందరినీ చేర్చాలి. దేశం బయట ఉన్నవాళ్లకు మినహాయింపు ఉంది. ఆస్తి కొన్నవాళ్లు ఉంటే వాళ్లనూ చేర్చండి. పక్క ఊళ్లో ఉండే మూడో ట్రస్టీని "ఆయన మంచివారు, ఎందుకు లాగడం" అని వదిలేశారు ఒక కేసులో. ఆ ఒక్క మొహమాటం ఏడాదిన్నర తిన్నది.

*పరిహారాలు.* తొలగింపు ఒక్కటే అడిగి ఆపకండి. లెక్కలు, నష్టం పూడ్చడం, ఆస్తి స్వాధీనం, కొత్త ట్రస్టీ, అన్నీ రావాలి. విశ్వాసఘాతుకం వల్ల వచ్చిన నష్టాన్ని ట్రస్టీ సొంతంగా పూడ్చాలి. డబ్బు చెల్లించడంలో అకారణంగా ఆలస్యం చేస్తే, కోర్టు వేరేగా చెప్పనంత వరకు, ఏడాదికి 6 శాతం సాధారణ వడ్డీ చట్టంలోనే ఉంది.

*తేదీలు.* "చాలా ఏళ్లుగా మోసం చేస్తున్నారు" అన్న వాక్యానికి విలువ లేదు. "2021 జూన్ నుంచి 2024 మే దాకా నాలుగో షాపు అద్దె జమ కాలేదు" అన్న వాక్యానికి ఉంది. ట్రస్టీల మధ్య మనస్పర్థలున్నాయి అన్నది కూడా ఒక్కటే సాధారణంగా తొలగింపుకు చాలదు, దానివల్ల ట్రస్టుకు ఏం నష్టమో చూపాలి.

*కోర్టు ఫీజు, విలువ.* దావా విలువను బట్టి కోర్టు మారుతుంది. ఎంత ఫీజు, ఎందుకంత అని ముందే లెక్క వేయించుకోండి.

9. అత్యవసర ఉత్తర్వులు

ఆస్తి అమ్ముడుపోయేలా ఉంటే దావాతో పాటే ఇంజంక్షన్ (అమ్మకుండా ఆపే ఉత్తర్వు) కోసం ఐఏ, అంటే మధ్యంతర దరఖాస్తు, వేయాలి. కోర్టు మూడు విషయాలు చూస్తుంది: కేసులో పస ఉందా, ఎవరికి ఎక్కువ ఇబ్బంది, తర్వాత పూడ్చలేని నష్టమా. బేరం జరుగుతోందని ఆధారం చూపండి, అడ్వాన్స్ ఇచ్చినవాళ్ల మాటో, స్థలం కొలతలు తీస్తున్న ఫొటోనో ఏదైనా సరే.

అవతలివాళ్లు లేకుండా ఉత్తర్వు దొరికితే పండగ చేసుకోకండి. దావా, అఫిడవిట్, కాగితాల కాపీలు వెంటనే వాళ్లకు పంపి, పంపినట్టు అదే రోజు గానీ మర్నాడు గానీ కోర్టులో అఫిడవిట్ వేయాలి. ఇది మర్చిపోతే ఆ ఉత్తర్వు నిలబడటం కష్టం.

అద్దెలు రోజూ కారిపోతుంటే రిసీవర్‌ను, అంటే కోర్టు తరఫున ఆస్తిని చూసుకునే మనిషిని, అడగొచ్చు. దాన్ని కోర్టు తేలిగ్గా ఇవ్వదు. అద్దెలు ట్రస్టు బ్యాంకు ఖాతాలోనే పడాలని, ప్రతి మూడు నెలలకూ లెక్క కోర్టులో దాఖలు చేయాలని ఉత్తర్వు అడగడం తేలిక, తరచూ అదే చాలు.

ఇంకో కోరిక తప్పకుండా చేర్చండి: తన మీద వచ్చిన కేసు ఖర్చును కోర్టు అనుమతి లేకుండా ట్రస్టు డబ్బుతో పెట్టకూడదని. లేకపోతే మీ మీద పోరాటానికి మీ డబ్బే పోతుంది.

మీరు ట్రస్టీ అయి, మీ మీద ఎవరో దావా వేస్తారని తెలిస్తే కేవియట్ (మా మాట వినకుండా ఉత్తర్వు ఇవ్వొద్దని కోర్టుకు ముందే వేసే కాగితం) వేయండి. 90 రోజులు పనిచేస్తుంది.

10. తర్వాత ఏం జరుగుతుంది

లెక్కల దావాలో సాధారణంగా రెండు డిక్రీలు (కోర్టు తీర్పును అమలు కోసం రాసే ఉత్తర్వులు). మొదటిది ప్రిలిమినరీ, అంటే లెక్క చెప్పాల్సిందే అని. తర్వాత కోర్టు నియమించిన కమిషనర్ పుస్తకాలు చూస్తారు, అభ్యంతరాలు వింటారు. ఆపైన ఫైనల్ డిక్రీ. మొదటిది రాగానే గెలిచామని లాయర్ ఆఫీసుకు పోవడం మానేసినవాళ్లను చూశాను. మీ కరెంటు బిల్లులు, రసీదులు పనికొచ్చేది కమిషనర్ ముందే.

కేసు నడుస్తుండగా ఆస్తి అమ్మినా, కొన్నవాళ్లు కేసు ఫలితానికి కట్టుబడాల్సిందే. సీఎన్‌ఆర్ నంబరు (కేసుకు కోర్టు ఇచ్చే గుర్తింపు నంబరు) రాసి పెట్టుకుని వాయిదాలు మీరే కోర్టుల వెబ్‌సైట్ ఈకోర్ట్స్‌లో చూసుకోండి.

మధ్యలో రాజీ కుదిరితే సంతోషం. ప్రైవేటు ట్రస్టులో మైనర్ల వాటా ఉంటే మాత్రం కోర్టు అనుమతి లేకుండా రాజీ చెల్లదు. సెక్షన్ 92 దావాలో ఇద్దరు వాదులు, ట్రస్టీలు చేతులు కలిపి తేల్చేసుకోలేరు, కోర్టు అనుమతి రికార్డులో ఉండాలి. అక్కడ అసలు కక్షిదారు జనం కదా.

11. తరచూ జరిగే పొరపాట్లు, వాటికి మందు

*ముందే పోలీస్ స్టేషన్‌కు పోవడం.* నమ్మక ద్రోహం నేరమే, భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 316. కానీ లెక్కలు లేకుండా వెళితే "సివిల్ మేటర్" అని పంపేస్తారు. లెక్కల తేడా చేతికొచ్చాక ఆ దారి గురించి ఆలోచించండి.

*తప్పు కోర్టులో వేశారు.* దావా వాపసు తీసుకుని సరైన కోర్టులో వేయొచ్చు. మంచి నమ్మకంతో, శ్రద్ధగా నడిపి ఉంటే అక్కడ పోయిన కాలాన్ని గడువు లెక్కలోంచి మినహాయించమని అడగొచ్చు.

*ఒక్కరే సెక్షన్ 92 వేశారు.* ఇద్దరు కావాలి. రెండో మనిషి పేరుకు ఉండకూడదు. ఆ సత్రంలో దిగేవారో, ఆ హాస్టల్లో చదివినవారో, నిజంగా సంబంధం ఉన్నవారు కావాలి.

*ఒరిజినల్స్ లాయర్‌కు ఇచ్చేసి మర్చిపోయారు.* ఇచ్చిన ప్రతి కాగితానికీ జాబితా, సంతకం తీసుకోండి.

*డబ్బు లేదని ఆగిపోయారు.* మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా ఉచిత న్యాయసహాయం ఉంది. జిల్లా కోర్టు ఆవరణలో అడగండి.

12. లాయర్ దగ్గరకు తీసుకెళ్లే సంచి

- ట్రస్టు డీడ్, సవరణల సర్టిఫైడ్ కాపీలు
- మీరు లబ్ధిదారు, లేదా ఆసక్తి ఉన్నవారు అని చూపే ఆధారం
- ట్రస్టు మొదలైన నాటి నుంచి ఈసీలు
- లెక్కలు అడిగిన ఉత్తరం, అందిన రుజువు, జవాబు ఉంటే అది
- దొరికినంత వరకు ఆడిట్ రిపోర్టులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, పన్ను రసీదులు, కరెంటు బిల్లులు
- ట్రస్టీలందరి పేర్లు, చిరునామాలు, ఇప్పుడు ఎవరెక్కడ ఉంటున్నారు
- తేదీల వరుస: ఒక్క పేజీ, చేతిరాతైనా సరే
- ఏం కావాలి? ఒక్క వాక్యంలో. "పెదనాన్నను జైలుకు పంపాలి" అని రాస్తే కొట్టేసి, "2019 నుంచి లెక్కలు తేలాలి, చెల్లి ఫీజు కట్టాలి" అని రాసుకుని వెళ్లండి.